పదకొండో కేసు, మూడో దారి

బోర్డు మీద చోటు చాలలేదు. తప్పు బయటపడింది అందువల్లే.

ఆ రోజు పొద్దున తరగతి గదిలో ప్రొజెక్టరు మొరాయించింది. టెక్నీషియన్ వచ్చి, బల్లెక్కి, దాని నెత్తి మీద రెండు దెబ్బలు వేసి, "మధ్యాహ్నం చూద్దాం మేడమ్" అని దిగి వెళ్ళిపోయాడు. లెక్చరర్ సుద్దముక్క తీసుకుంది. చెప్పబోయే పాఠం ఆమెకు కొట్టినపిండి. తనూ అన్నయ్యా కలిసి ఏడేళ్ళ కిందట రాసిన పరిశోధన పేపరు అది. ఏటా ఇదే నెలలో ఇదే పాఠం. ఏటా స్లైడ్ల మీద బొమ్మలు ఎడంగా, రంగురంగులుగా, చూడముచ్చటగా ఉండేవి.

సమస్య చెప్పడానికి తేలికే. కాగితం నిండా రంగు చుక్కలున్నాయి. కొన్ని చుక్కల్ని గీతలు కలుపుతున్నాయి. ఏ చుక్కకైనా ఒకే రంగు పొరుగువాళ్ళు ఇద్దరుంటే అక్కడ తగువు. తగువుల్లేకుండా చేయాలంటే కొన్ని చుక్కల్ని చెరిపేయాలి. కానీ కె చుక్కల కంటే ఎక్కువ చెరపకూడదు. ఆ కె అన్నదే పరామితి. మొత్తం చుక్కలు లక్షున్నా ఫరవాలేదు, కె చిన్నదైతే పని అవుతుంది. ఎంతసేపట్లో అవుతుందన్నదే అసలు గొడవ.

"తగువు పడ్డ ముగ్గురిలో ఎవరో ఒకరు పోవాల్సిందే. ఎవరో తెలీదు కాబట్టి మూడు దారులూ తొక్కి చూస్తాం. ప్రతి దారిలోనూ మళ్ళీ మూడు. కె నలభై అనుకోండి. సెకనుకు కోటి దారులు చూసే యంత్రం పెట్టినా ఎంతసేపు పడుతుంది?" అని అడిగింది.

వెనక నుంచి ఎవరో ఫోనులో లెక్క కట్టారు. "ముప్ఫై ఎనిమిది వేల ఏళ్ళు మేడమ్."

"అప్పటిదాకా నేనైతే ఆగలేను."

తరగతి నవ్వింది. ఆమె వివరించుకుంటూ పోయింది. దారుల్ని తెలివిగా ఎంచుకుంటే మొదటి దారిలో ఒక చుక్క, రెండో దారిలో ఒకేసారి రెండు, మూడో దారిలో ఒకేసారి మూడు చుక్కలు పోయేలా చేయవచ్చు. అప్పుడు కె సార్లు గుణించుకుంటూ పోయే మూడు అన్న అంకె 1.8393కి దిగుతుంది. అదే యంత్రం, అదే నలభై, గంటకి కాస్త పైన. వీళ్ళకు ముందు ఇంకెవరో సాధించినది 1.905, దానితో నాలుగు గంటల పైమాటే. ఈ దిగడం కోసం అన్నాచెల్లెళ్ళు చుక్కల అమరికల్ని ఇరవై మూడు కేసులుగా విడగొట్టి, ఒక్కొక్క దాన్నీ విడివిడిగా నిరూపించారు.

పదకొండో కేసు బొమ్మ గీసేసరికి బోర్డు అంచు వచ్చేసింది. నడిమి చుక్క, దాని పొరుగువాళ్ళు, ఆ పొరుగువాళ్ళకు అవతల ఇంకో రెండు చుక్కలు. చివరి రెండింటికీ చోటు లేక ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"మేడమ్, ఆ చివరి రెండూ ఒకటేనా?" అని ముందు బెంచీలో అమ్మాయి అడిగింది.

"కాదు. బోర్డు అయిపోయింది, అంతే. వేరు వేరు."

"ఎందుకు వేరు?"

ఆమె నోరు తెరిచింది. జవాబు నాలుక చివరే ఉంటుందనుకుంది. లేదు. పేపర్లో ఆ వాక్యం ఆమెకు కంఠతా వచ్చు: ఈ రెండు చుక్కలూ వేరు వేరు కాబట్టి మూడో దారిలో మూడు చుక్కలు పోతాయి. 'కాబట్టి' ఉంది. వేరు వేరని ఎందుకు అనుకోవాలో మాత్రం ఎక్కడా లేదు. అవి ఒకటే అయితే మూడో దారిలో పోయేది రెండు చుక్కలే. ఒకటి, రెండు, రెండు. ఆ లెక్క మనసులోనే అయిపోయింది. సరిగ్గా 2 వస్తుంది. 1.8393 కాదు, 2. గంట కాదు, ముప్ఫై గంటలు. ముందువాళ్ళ 1.905 కంటే కూడా అధ్వాన్నం.

"వచ్చే తరగతిలో చెబుతాను," అని పది నిమిషాలు ముందే వదిలేసింది. పిల్లలు పండగ చేసుకుంటూ బయటికి పోయారు. ఆమె మాత్రం సుద్ద అంటిన వేళ్ళతో బోర్డు ముందే నిలబడిపోయింది.

తర్వాత మూడు రోజులూ ఆమె కుదురుగా కూర్చున్నది లేదు. ఆ రెండు చుక్కలూ ఒకటి కాలేవని నిరూపించడానికి చేయని ప్రయత్నం లేదు. బస్సులో టికెట్టు వెనక గీసింది. స్టాఫ్ మీటింగులో అజెండా కాగితం మీద గీసింది. ఇంట్లో కాలు కాలిన పిల్లిలా వంటగదికీ బాల్కనీకీ మధ్య తిరిగింది. మూడో రోజు సాయంత్రం తొమ్మిది చుక్కల బొమ్మ ఒకటి తయారైంది. అందులో ఆ రెండూ నిక్షేపంగా ఒకటే చుక్క. పదకొండో కేసు షరతులన్నీ దానికి చక్కగా అతికాయి.

ఆమె భర్త పళ్ళ సెట్లు తయారుచేసే టెక్నీషియన్. ఇంటి వెనక గదిలోనే అతని బల్ల, చిన్న మోటారు, అచ్చులు. ఆమె వెళ్ళి ఆ గడప మీద కూర్చుంది.

"చెప్పు," అన్నాడతను, చేతిలో పన్ను అరగదీస్తూనే. "మూడ్రోజులుగా ఇల్లంతా కొలుస్తున్నావు. ఎంతొచ్చింది?"

ఆమె చెప్పింది. చుక్కల సంగతి అతనికి పెళ్ళయిన కొత్త నుంచే తెలుసు. విని, మోటారు ఆపాడు.

"ఏడేళ్ళలో ఎవరికీ కనిపించలేదా?"

"లేదు. దీని మీద ఇంకో ఇద్దరు పేపరు కట్టారు కూడా. ఎక్కడో వాళ్ళు. మొహాలు కూడా తెలీవు."

"నేను చేసిన పన్ను కాగితమంత మందం ఎత్తుగా ఉంటే చూసినవాళ్ళెవరికీ తెలీదు. పెట్టుకున్నవాడికి మాత్రం అన్నం సయించదు," అన్నాడతను. "నీకు సయించడం లేదు. అందులో వింతేముంది? మీ అన్నయ్యకి చెప్పావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అసలు ముల్లు అదే. పదకొండో కేసు నుంచి చివరిదాకా రాసింది అన్నయ్య. ఆమెకంటే నాలుగేళ్ళు పెద్ద. ఈ చుక్కల లోకంలోకి ఆమెను చెయ్యి పట్టుకుని తెచ్చింది అతనే. చిన్నప్పుడు ప్రతిదాన్నీ గుచ్చి గుచ్చి అడుగుతుందని ఆమెకు సూది అని పేరు పెట్టిందీ అతనే. ఆ పేపరు వచ్చిన ఏడాదికి అతను పరిశోధన మానేశాడు. విసుగొచ్చింది అన్నాడు, అంతకుమించి నోరు విప్పలేదు. ఇప్పుడు వదినతో కలిసి డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాడు. అతను వెనక వదిలి వచ్చిన వాటిలో గట్టిగా నిలబడ్డది ఈ పేపరొక్కటే. దాన్ని కూడా పడగొట్టడానికి చెల్లెలే వెళ్ళాలా?

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళింది.

డ్రైవింగ్ స్కూలంటే ఒక గది, ఒక కారు. గదిలో ట్రాఫిక్ గుర్తుల చార్టు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, రిజిస్టరు ముందు వదిన.

"ఏమ్మా ఆడపడుచూ, దారి తప్పి వచ్చావా?" అంది వదిన. "మీ అన్నయ్యకి ఆరింటిదాకా ఖాళీ లేదు. వరసగా క్లాసులున్నాయి."

"అర్జెంటు వదినా."

వదిన ఆమె మొహంలోకి చూసింది. "అయితే వెళ్ళి వెనక సీట్లో కూర్చో. ఇప్పుడొచ్చే ఆవిడ రిటైరైన నర్సు. మంచిది. ఏమీ అనుకోదు."

నర్సు నిజంగానే ఏమీ అనుకోలేదు. స్టీరింగు పట్టుకున్నాక ఆవిడకు వెనక సీటుందనే గుర్తులేదు. అన్నయ్య పక్క సీట్లో, తన కాళ్ళ దగ్గరున్న అదనపు బ్రేకు మీద పాదం ఆనించి కూర్చున్నాడు. చెల్లెల్ని అద్దంలో చూసి కనుబొమ్మలెగరేశాడు. కారు రెండుసార్లు కుదుపునిచ్చి, ఆగి, మళ్ళీ కదిలింది.

"ముప్ఫై ఏళ్ళు ఇంజెక్షన్లు చేశాను మాస్టారూ. ఏనాడూ చెయ్యి వణకలేదు. ఇది పట్టుకుంటే వణుకుతోందేంటి?"

"ఇంజెక్షనుకి క్లచ్ ఉండదు కదండీ. నెమ్మదిగా వదలండి. ఆఁ, అలాగే. ఏంటి సూదీ, ఇలా వచ్చావు?"

"తర్వాత చెబుతాలే."

"చెప్పు, ఫరవాలేదు. ఎడమ ఇండికేటర్ వేయండి అమ్మా. అది వైపరు. కింద ఉంది, ఆ పుల్ల."

చెబుదామని ఆమె దారి పొడవునా మాటలు కూర్చుకుంది. సర్దిచెప్పే మాటలు, తప్పు ఇద్దరిదీ అనే మాటలు. తీరా నోట్లోంచి వచ్చింది ఒక్కటే. "పదకొండో కేసు గురించి."

కారు గట్టిగా ఆగింది. నర్సు అదిరిపడింది. "నేనేం చేశాను మాస్టారూ?"

"మీరేం చేయలేదు. బ్రేకు నేనే తొక్కాను. పొరపాటున," అన్నాడు అన్నయ్య. వెనక్కి తిరగలేదు. అద్దంలోకి కూడా చూడలేదు. "ఆ రెండు చుక్కలూ ఒకటే అయినప్పుడు. అదేగా?"

ఆమెకు ఒక్క క్షణం వినపడినది అర్థం కాలేదు. వెనక ఎవరో హారన్ మోగించారు.

"నీకు తెలుసా?"

"మొదటి గేరు వేయండి అమ్మా," అన్నాడతను.

మిగిలిన ఇరవై నిమిషాలు కారులో ఉన్నది నర్సు ఒక్కతే అన్నట్టు గడిచింది. ఆవిడ తనలో తాను మాట్లాడుకుంటూ, ఒక రిక్షావాడికి క్షమాపణ చెబుతూ, చివరికి కారును తన ఇంటి గేటు దగ్గర వంకరగా నిలిపి, "ఇవాళ బాగా వచ్చింది కదా?" అని సంతోషంగా దిగిపోయింది.

అన్నయ్య తర్వాతి క్లాసు రద్దు చేయమని భార్యకు ఫోనులో చెప్పి, కారును ప్రాక్టీసు మైదానానికి తీసుకెళ్ళాడు. పాత గోదాముల వెనక ఖాళీ సిమెంటు నేల. రివర్సు నేర్పడానికి పెట్టిన ఎర్ర శంకులు గాలికి ఒరిగి ఉన్నాయి. అతను దిగి వాటిని ఒక్కొక్కటే నిలబెట్టసాగాడు. ఆమె వెనకాలే నడిచింది.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"పేపరు అచ్చయిన నాలుగు నెలలకి. వేరే పని మీద ఆ బొమ్మ మళ్ళీ గీశాను. చెయ్యి దానంతటదే రెంటినీ ఒకచోట పెట్టింది."

"అంటే ఆరున్నరేళ్ళు."

"ఆఁ."

"నాకెందుకు చెప్పలేదు?"

"అప్పుడు నీ ఉద్యోగం పర్మనెంటు చేసే కమిటీ కూర్చుని ఉంది. వాళ్ళ ముందున్న కాగితాల్లో పైనున్నది ఇదే. నెలా రెండు నెలల్లో సరిచేసేద్దాం, చేశాక ఒకేసారి చెబుదాం అనుకున్నాను. ఎనిమిది నెలలు కూర్చున్నాను సూదీ. మూడో దారిలో ఇంకో చుక్క ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఎన్ని రకాలుగా తవ్వానో నాకే తెలీదు. దొరకలేదు. ఈలోగా నీకు పర్మనెంటయింది. ఆ తర్వాత చెబితే ముందెందుకు చెప్పలేదంటావు. రోజులు గడిచేకొద్దీ..." అతను శంకు నిలబెట్టాడు. అది మళ్ళీ పడింది. "మానేశాను."

"నా కోసం చేశానని మాత్రం అనకు. నా నెత్తిన రుద్దకు. ఆరేళ్ళుగా ఆ పాఠం పిల్లలకి చెబుతున్నాను. ప్రతి ఏడూ! బోర్డు ముందు నిలబడి అబద్ధం చెప్పించావు నాతో."

"నీ కోసమని అనడం లేదు. సగం నీ కోసం. సగం సిగ్గు. ఏ సగం ఎంతో నన్నడగొద్దు."

ఆమెకు అరవాలనిపించింది. ఏడుపూ వచ్చింది. రెండూ చేయకుండా ఆ సిమెంటు నేల చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చింది. అతను అక్కడే నిలబడి ఉన్నాడు.

"రేపు మన పేపరు అచ్చేసిన పత్రికకి రాస్తున్నాను," అంది.

"రెండు వారాలు ఆగు. మళ్ళీ ఓసారి చూద్దాం. సరిచేసి పంపితే పరువు..."

"ఆగను. ఆగి ఆగి ఆరేళ్ళయింది. సరిచేస్తే అప్పుడు ఇంకో ఉత్తరం రాస్తాం. నువ్వు సంతకం పెడతావా పెట్టవా?"

అతను పడిపోయిన శంకును మళ్ళీ నిలబెట్టి, దానికి ఒక రాయి ఆనించాడు. తర్వాత, "పెడతాను," అన్నాడు. "కానీ ముందు మీ వదినకి చెప్పాలి. తనకీ తెలీదు."

వదినకు గదిలోనే చెప్పాడు, రిజిస్టరు ముందు నిలబడి, తప్పు చేసి దొరికిన విద్యార్థిలాగా. ఆవిడ చివరిదాకా విని పెన్ను మూత పెట్టింది.

"అంటే విసుగొచ్చి మానేయలేదన్నమాట."

"లేదు."

"నాతో పెళ్ళి, ఇల్లు, బాధ్యతలు, వీటి వల్ల చదువు సాగక మానేశావనుకున్నాను. మా అమ్మతో కూడా అదే అన్నాను. నా వల్లే మానేశాడమ్మా అని. తెల్లారకముందే లేచి మంచం మీద కూర్చుంటే గ్యాసేమో అని మాత్రలు తెచ్చిపెట్టాను. ఆరేళ్ళు మింగావు కదయ్యా ఆ మాత్రలు! ఒక్కసారైనా కాదు అనలేకపోయావా?"

ఆడపడుచు కిటికీలోంచి బయటికి చూసింది. వదిన లేచి, ముగ్గురికీ టీ పెట్టి పోసింది. తన కప్పు తీసుకుని వెళ్ళి కారులో ఒంటరిగా కూర్చుంది. మూడు రోజులు అతనితో క్లాసుల టైములు తప్ప మాట్లాడలేదు.

ఉత్తరం వెళ్ళింది. నాలుగు వాక్యాలు: పదకొండో కేసులో రెండు చుక్కలు వేరని రుజువు లేకుండా అనుకున్నాం. తొమ్మిది చుక్కల ఉదాహరణ జతచేశాం. దీనివల్ల మా ఫలితం 1.8393 నిలవదు, ప్రస్తుతానికి 2 మాత్రమే చెప్పగలం. ఈ పేపరు ఆధారంగా పనిచేసినవారికి క్షమాపణలు. కింద రెండు సంతకాలు. ఆ ఇద్దరు అపరిచితులకు కూడా ఆమె విడిగా రాసింది. వాళ్ళ జవాబు పొడిగా వచ్చింది. తెలియజేసినందుకు ధన్యవాదాలు, మా పేపరు కూడా ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి, ఆరేళ్ళ పని.

శాఖాధిపతి ఆమెను గదికి పిలిచాడు. ఆ ఏడు ప్రొఫెసరు పదవికి ఆమె పేరు పరిశీలనలో ఉంది.

"ఎవరైనా పట్టుకున్నారా?"

"నేనే పట్టుకున్నాను సార్."

"అది కాదమ్మా. బయటివాళ్ళు ఎవరైనా?"

"లేదు."

"మరి ఎందుకంత తొందర? కమిటీ అయ్యాక రాయొచ్చు కదా." ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

"మా అన్నయ్య కూడా అలాగే అనుకున్నాడు సార్ ఒకప్పుడు," అని ఆమె లేచి వచ్చేసింది. పదవి ఆ ఏడు పక్క గది ఆయనకు వచ్చింది. బాధ వేయలేదంటే అబద్ధం. కారిడార్లో ఆయనకు అభినందనలు చెబుతుంటే దవడలు నొప్పి పుట్టాయి.

ఉత్తరం పంపిన వెంటనే వచ్చిన తరగతిలో ఆమె పదకొండో కేసు బొమ్మను బోర్డు మధ్యలో, చోటు చూసుకుని గీసింది. "పోయిన వారం మీ స్నేహితురాలు అడిగిన ప్రశ్నకి జవాబు," అని చివరి రెండు చుక్కల్నీ చెరిపి ఒకే చుక్క పెట్టింది. "ఒకటే కావచ్చు. మా రుజువు తప్పు." ముందు బెంచీ అమ్మాయి తనేదో పాడుచేసినట్టు తల దించుకుంది. "నువ్వెందుకమ్మా తల దించుకుంటావు?" అంటే గానీ ఎత్తలేదు.

ఉత్తరం పంపితే మనసు కుదుటపడుతుందనుకుంది. పడలేదు. ఇప్పుడు దురద ఇంకో చోటికి మారింది. 2 అన్న ఆ అంకె. అది అలా ఉండడానికి వీల్లేదు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ మూడో దారి గురించే ఆలోచన.

రెండో ఆదివారం పొద్దున తొమ్మిదింటికి అన్నయ్య వచ్చాడు. ఒక సంచి నిండా పాత నోటుపుస్తకాలు. ఎనిమిది నెలల పని.

"మీ వదిన పంపింది. ఇంట్లో కూర్చుని కాళ్ళూపుతుంటే చూడలేక, వెళ్ళి అక్కడే ఊపుకో అంది."

"మాట్లాడుతోందా?"

"తిడుతోంది. అంటే మాట్లాడుతున్నట్టే."

భోజనాల బల్ల మీద కాగితాలు పరిచారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పనిచేయడం ఆరున్నరేళ్ళ తర్వాత. మొదటి గంట ఎవరికి వాళ్ళే మొహమాటంగా గీసుకున్నారు. ఆ తర్వాత పాత అలవాట్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అతను పెన్నుతో బల్ల కొట్టడం, ఆమె లేచి నడవడం, ఒకరి వాక్యం ఇంకొకరు మధ్యలో తెంపడం.

"చూడు, మూడో దారిలో ఈ పక్క చుక్క ఎరుపైతే..."

"అది నీ నాలుగో నోటుపుస్తకంలో ఉంది. పనిచేయదు."

"నీలం అయితే?"

"ఐదో నోటుపుస్తకం. అన్నయ్యా, ఎనిమిది నెలలూ నువ్వు ఆ మూడో దారినే పట్టుకుని వేలాడావు. ఒక్క పేజీలో కూడా మొదటిదాన్ని చూడలేదు."

"మొదటి దారిలో ఏముంది? ఒక చుక్క చెరుపుతాం, అంతే. తప్పు మూడోదాంట్లో ఉంటే..."

"తప్పు అక్కడుంటే మందు కూడా అక్కడే వేయాలా?"

ఆమె ఆ మాట కోపంగా అంది. అన్నాక ఇద్దరూ ఆగి ఆ బొమ్మ వైపు చూశారు. ఆ రెండు చుక్కలూ ఒకటైనప్పుడు బొమ్మలో నాలుగు చుక్కల చక్రం ఒకటి ఏర్పడుతుంది. వేరు వేరుగా ఉన్నప్పుడు అది ఉండదు. మొదటి దారిలో చెరిపే చుక్క ఆ చక్రంలోదే. చెరపగానే చక్రం తెగి, మిగిలిన మూడు చుక్కలు తోకలా వేలాడతాయి. తోక దగ్గర తగువు తీర్చడానికి మూడు దారులు అక్కర్లేదు. రెండు చాలు. ఒక దారిలో ఒకటి పోతుంది, రెండో దారిలో రెండు.

"అంటే మొదటి దారి విడిపోయి రెండు, మూడు," అన్నాడు అన్నయ్య. "మిగతావి రెండు, రెండు. మొత్తం రెండు, మూడు, రెండు, రెండు."

"లెక్క కట్టు."

"కడుతున్నా, ఉండు." అతను నోటుపుస్తకం వెనక అట్ట మీద రాశాడు. అంకె ఘనం, మూడు రెట్ల ఆ అంకెకి ఒకటి కలిపినదానికి సమానం. పెన్ను రెండుసార్లు ఆగింది. "ఒకటి పాయింట్ ఎనిమిది... ఏడు తొమ్మిది నాలుగు."

"1.8794."

"మనం చెప్పినంత కాదు."

"కాదు. కానీ 1.905 కంటే తక్కువ."

"రెండున్నర గంటలు," అన్నాడతను. నలభైకి ఎంతసేపో అప్పుడే కట్టేశాడు. "మనం గంటన్నాం. వాళ్ళది నాలుగు గంటల ఇరవై నిమిషాలు."

ఆ పూట ఇద్దరూ సంబరపడలేదు. సంబరపడి ఒకసారి దెబ్బతిన్నవాళ్ళు. తోకలో ఎన్ని రకాలున్నాయో విడగొడితే పద్నాలుగు తేలాయి. ఒక్కొక్క దాన్నీ ఒకరు రాస్తే ఇంకొకరు ఎదుటి పక్షం వకీలులా చీల్చారు. "ఇవి వేరు వేరని ఎవరు చెప్పారు?" అన్నది ఆ నెలంతా వాళ్ళ ఇంట్లో ఊతపదమైపోయింది. బల్ల మీద రెండు చెంచాలుంటే ఆమె భర్త కూడా అదే అడిగేవాడు. తొమ్మిదో రకం రెండు ఆదివారాలు మొండికేసింది. దాన్ని లొంగదీశాక, ఆమె ఒక ప్రోగ్రాం రాసి పది చుక్కల వరకు వచ్చే అమరికలన్నిటి మీదా నడిపింది. రెండు పగళ్ళూ మధ్యలో రాత్రీ ఆఫీసు కంప్యూటరు గురక పెట్టింది. ఎక్కడా తేడా రాలేదు. మిగతా ఇరవై రెండు కేసుల్నీ కూడా వదల్లేదు. ఆమె రాసిన ఆరో కేసులో ఒక 'కాబట్టి' దొరికింది, దానికి కారణం రాయలేదు. దాని కారణం తేలిగ్గానే దొరికింది. అన్నయ్య మాత్రం దాని గురించి ఆమెను వారం రోజులు ఆడిపోసుకున్నాడు.

సవరణ ఆరు నెలలకు అచ్చయింది. పేజీ కింద చిన్న అక్షరాల్లో ఒక విద్యార్థినికి కృతజ్ఞతలున్నాయి. పేజీ పైన అన్నయ్య పేరు కింద సంస్థ పేరు రాయాల్సిన చోట అతను డ్రైవింగ్ స్కూలు చిరునామా ఇచ్చాడు. సంపాదకుడు ఇది పొరపాటా అని అడిగితే, కాదని రాశాడు. వదిన ఆ పేజీ చూసి, "మన స్కూలు పేరులో ఒక అక్షరం తప్పు పడింది," అంది. దాన్ని సరిచేయమని మళ్ళీ రాయాల్సి వచ్చింది.

అతను పరిశోధనకు తిరిగి రాలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా. ఆదివారాలు మాత్రం వస్తాడు. తెల్లవారకముందే లేవడం తగ్గిందని వదిన అంటుంది. పూర్తిగా పోలేదట.

చలి మొదలైన రోజుల్లో, ఒక మంగళవారం మధ్యాహ్నం ఆమెకు మెయిలు వచ్చింది. పేపరు వెనక్కి తీసుకున్న ఆ ఇద్దరు అపరిచితులే. మీ కొత్త తోక బాగుంది, దాన్ని పట్టుకుని కొంత ముందుకెళ్ళాం, 1.8601 వచ్చిందనుకుంటున్నాం, వీలైతే తప్పులు వెతికి పెట్టండి అని. నలభై పేజీల ఫైలు జతచేశారు.

ఆమె మూడుసార్లు చదివింది. ఆరు నెలలు కూడా నిలవలేదు తమ అంకె. అదే సమయంలో వేళ్ళు వాటంతటవే ఫైలు తెరిచి పేజీలు తిప్పుతున్నాయి. అన్నయ్యకు ఫోను చేసింది. అవతల ఇంజను చప్పుడు, ఎవరో కంగారుగా ఊపిరి పీలుస్తున్న చప్పుడు.

"క్లాసులో ఉన్నాను సూదీ. ఏంటి?"

"1.8601. ఆ ఇద్దరూ. ఇప్పుడే పంపారు."



"ఎక్కడ తగ్గించారు? తోకలోనా?"

"ఇంకా చదవలేదు. నాలుగో పేజీలో చక్రం బొమ్మ ఉంది. ఆరు చుక్కలది."

"ఆరా? ఆరెందుకు? నాలుగుతో అయ్యేదానికి... ఆగండి అమ్మా, అద్దం చూసి, వెనక్కి, నెమ్మదిగా. సూదీ, పెట్టేయకు. ఆ బొమ్మలో చుక్కల రంగులు వరసగా చదువు నాకు."

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, నాలుగో పేజీ పెద్దది చేసి, చదవడం మొదలుపెట్టింది.